హెచ్‌ఓఏ 780 అని ఉంది: నెలకా, ఏడాదికా?

అందరికీ నమస్కారం. ఆఫీసు ట్రాన్స్‌ఫర్ మీద హైదరాబాద్ నుంచి డాలస్ వస్తున్నాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు. మొదటి ఏడాది అద్దెకే ఉంటాం, ఆ తర్వాత ప్లేనో, ఫ్రిస్కో వైపు కొనుక్కుందామని ఆలోచన. ఇప్పటినుంచే ఇళ్లు చూస్తున్నాను. ఒక ఇంటికి హెచ్‌ఓఏ (హోమ్ ఓనర్స్ అసోసియేషన్, అంటే కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) రుసుము 780 డాలర్లు అని, ఒక టౌన్‌హోమ్‌కి 310 అని ఉంది. 310దే చవక కదా? మియాపూర్‌లో మా అపార్ట్‌మెంట్‌కి మెయింటెనెన్స్ కట్టినట్టేనా ఇదీ? కట్టడం ఆలస్యమైతే ఏమవుతుంది?

---

ఫ్రిస్కో నుంచి జవాబు:

ఆ అంకె పక్కన ఇంకో మాట ఉంటుంది, ముందు అది చూడండి. నెలకా, మూడు నెలలకా, ఆర్నెల్లకా, ఏడాదికా అని. ఇక్కడ విడి ఇళ్ల కాలనీల్లో ఏడాదికో ఆర్నెల్లకో వసూలు చేయడం మామూలు. టౌన్‌హోమ్‌లకి ఎక్కువగా నెలనెలా ఉంటుంది. మీ 310 నెలకైతే ఏడాదికి 3,720 డాలర్లు! అలాగని దండగ అనుకోకండి. చాలా టౌన్‌హోమ్‌లలో పైకప్పు, బయటి గోడల రంగు, గడ్డి కోయడం అందులోనే ఉంటాయి. విడి ఇంట్లో గడ్డీ మీదే, రూఫూ మీదే. డాలస్‌లో వడగళ్ల వాన ఒక్కసారి చూశాక రూఫ్ అనే మాట విలువ తెలుస్తుంది.

మియాపూర్ పోలిక సగం వరకే కుదురుతుంది. అక్కడ చదరపు అడుగుకి ఇంత అని కడతాం, వాచ్‌మన్, లిఫ్టు, జనరేటర్ కళ్లెదుట ఉంటాయి. కట్టకపోతే సెక్రటరీ గారు వాట్సాప్ గ్రూపులో ఫ్లాట్ నంబరు పెట్టి పరువు తీస్తారు. ఇక్కడ ఇలాంటి కాలనీలో ఇల్లు కొన్నారంటే సభ్యత్వం దానితోనే వచ్చేస్తుంది, నాకొద్దు అనడానికి లేదు. కట్టని బాకీ ఇంటి మీదే పడుతుంది.

ఆలస్యం గురించి అడిగారు కాబట్టి నా సంగతి చెప్తాను. ఇల్లు కొన్నప్పుడు ఆస్తి పన్ను, ఇన్సూరెన్సు రెండూ లోను కిస్తీలోనే ఎస్క్రో కింద (లోను ఇచ్చినవాళ్లే పక్కన పెట్టి మన తరఫున కట్టేలా) పోతుంటే, హెచ్‌ఓఏ కూడా అందులోనే పోతోందనుకున్నాను. మామూలుగా అది అందులో ఉండదు, మనమే వేరుగా కట్టాలి. మేనేజ్‌మెంట్ కంపెనీ పంపిన కవర్లేమో పిజ్జా కూపన్లతో కలిసి చెత్తబుట్టలోకి పోయాయి. ఏడు నెలలకి లాయరు ఆఫీసు నుంచి సర్టిఫైడ్ మెయిల్ వచ్చింది. అసలు బాకీ కంటే లేటు ఫీజు, లాయరు ఫీజు కలిపితేనే ఎక్కువ. రాత్రంతా టెన్షన్. టెక్సాస్‌లో 14 కంటే ఎక్కువ ఇంటి స్థలాలున్న అసోసియేషన్ అయితే బాకీని కనీసం మూడు నెలల వాయిదాల్లో కట్టుకునే వీలు ఇవ్వాలని చట్టం ఉందని తర్వాత తెలిసింది. ఆ ముక్క నేను పారేసిన కవర్లలోనే ఉండి ఉంటుంది.

జరిమానాలు మాత్రమే బాకీ ఉంటే, వాటికోసం ఇల్లు వేలం వేయడానికి ఇక్కడ వీల్లేదు. అసలు డ్యూస్ (హెచ్‌ఓఏ రుసుము) ఎగ్గొడితే మాత్రం కోర్టు ఆర్డరు తెచ్చుకుని ఆ దాకా వెళ్లగలరు. కొన్న మొదటి వారంలోనే ఆటోపే పెట్టేసుకోండి.

అద్దెకున్నన్నాళ్లూ డ్యూస్ ఓనరువే, కానీ రూల్స్ మీకూ వర్తిస్తాయి. చెత్త డబ్బా వీధిలోకి కనపడేలా వదిలేసినా, గడ్డి పెరిగినా ఉత్తరం ఓనరుకి వెళ్తుంది, లీజులో రాసి ఉంటే జరిమానా మీ మీదకి వస్తుంది. మా అమ్మ వచ్చినప్పుడు పక్క కంచె మీద చీరలు ఆరేసింది. నాలుగో రోజుకి ఉత్తరం. ఇంత ఎండ పెట్టుకుని డ్రయ్యరెందుకురా అని ఆవిడ అడిగిన ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. స్విమ్మింగ్ పూల్ కార్డు మాత్రం లీజు సంతకం రోజే అడిగి తీసుకోండి, తర్వాత దాని కోసం తిరగాల్సి వస్తుంది.

కొనే వేళకి రీసేల్ సర్టిఫికెట్ అని ఒకటి తెప్పించుకోవాలి. డ్యూస్ ఎంత, ఎన్నాళ్లకోసారి, అమ్మేవాళ్ల బాకీ, రిజర్వులో (పెద్ద రిపేర్లకి దాచే నిధి) ఉన్న డబ్బు, ఇప్పటికే ఆమోదించిన స్పెషల్ అసెస్‌మెంట్లు (డ్యూస్ కాక అదనంగా వేసే వసూళ్లు), కోర్టు కేసులు అన్నీ అందులో ఉంటాయి. దీనికి టెక్సాస్‌లో 375 డాలర్లకి మించి తీసుకోకూడదు. నన్నడిగితే డ్యూస్ కంటే రిజర్వు అంకె ముఖ్యం. డ్యూస్ తక్కువ, రిజర్వు ఖాళీ అంటే క్లబ్‌హౌస్ రిపేరు వచ్చిన రోజున అందరి మీదా స్పెషల్ అసెస్‌మెంట్ పడుతుంది. ఇంకొకటి: కొనుగోలు ఒప్పందానికి హెచ్‌ఓఏ అడెండమ్ (అనుబంధ పత్రం) జతచేస్తారు. ట్రాన్స్‌ఫర్ ఖర్చుల్లో మీరు ఎంతవరకు భరిస్తారో రాసే ఖాళీ అందులో ఉంటుంది. ఏజెంటు తొందరలో ఉంటే అది అలాగే దాటిపోతుంది.

---

కేటీ (హ్యూస్టన్ దగ్గరి ఊరు) నుంచి ఇంకో జవాబు:

అన్నయ్యగారు అన్నీ చెప్పి మడ్ మర్చిపోయారు. మా హ్యూస్టన్ వైపు కొత్త కాలనీల్లో హెచ్‌ఓఏ కంటే అదే పెద్ద ఖర్చు. మున్సిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్ అన్నమాట. నీళ్లకి, డ్రైనేజీకి పైపులు వేయడానికి బాండ్ల మీద తెచ్చిన అప్పును ఆస్తి పన్నుతో కలిపి మన దగ్గర రాబడతారు. వంద డాలర్ల విలువకి 50 సెంట్లనుకుంటే, 5 లక్షల డాలర్ల ఇంటికి ఏడాదికి 2,500. డాలస్ ఉత్తరాన సెలైనా లాంటి చోట్ల పిడ్ (పబ్లిక్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్) అని ఇలాంటి వసూలే ఇంకోటుంటుంది. ఆ రెండూ కట్టినా హెచ్‌ఓఏ మామూలే.

గుమ్మానికి మామిడి తోరణం, వాకిట్లో తులసికోట పెట్టనిస్తారా అని మా చెల్లెలు భయపడింది. భక్తితో పెట్టుకునే మతపరమైన వస్తువులను హెచ్‌ఓఏలు అడ్డుకోకుండా 2021లో టెక్సాస్ చట్టం మార్చారు. కొన్ని మినహాయింపులున్నాయి, దారికి అడ్డం లేకుండా పెట్టుకోండి. పెరట్లో షెడ్డు కట్టాలన్నా, కంచె రంగు మార్చాలన్నా మాత్రం ముందే అనుమతి తీసుకోవాలి.

---

అడిగినవారు:

ఏజెంటుని అడిగాను. 780 ఆర్నెల్లకట, అంటే ఏడాదికి 1,560. టౌన్‌హోమ్ 310 నెలకే. దాని రూఫ్ అసోసియేషన్‌దేనట, కానీ వడగళ్లకి పాడైతే ఇన్సూరెన్సు డిడక్టిబుల్‌ని (ఇన్సూరెన్సు ఇవ్వకుండా మనమే భరించాల్సిన మొత్తం) ఇళ్లన్నిటికీ పంచుతారట. పోయిన ఏడాది పంచారు కూడా. ఎంత పడిందో ఇంకా చెప్పలేదు.

---

ఫ్రిస్కో నుంచి:

ఎంత పడిందో కాగితం మీద రాయించుకోండి. టౌన్‌హోమే తీసుకుంటే మీ సొంత ఇన్సూరెన్సులో లాస్ అసెస్‌మెంట్ కవరేజి (సంఘం మన మీద వేసే వాటాకి వచ్చే బీమా) ఉందా, ఇలాంటి డిడక్టిబుల్ వాటాకి ఎంతవరకు ఇస్తారు అన్న రెండూ విడిగా అడగండి. ఇన్సూరెన్సువాళ్లు మొదటిది చూపించి రెండోదాని ఊసెత్తరు. ఫ్లైటు ఎప్పుడో చెప్పండి, మా వ్యాన్‌లో ఎనిమిది సూట్‌కేసులు పడతాయి.