22 ఏళ్ళు పురుగుమందు కొట్టినాయనకి పార్కిన్సన్స్: మందు వల్లేనా, కాదా?

వానకోయిల:
మా నాన్న పూల గ్రీన్‌హౌసుల్లో 22 ఏళ్ళు మందు కొట్టారు. ట్యాంకులో కలపడం, కొట్టడం, నాజిల్ మూసుకుపోతే విప్పి కడగడం, అన్నీ ఆయనే. 58వ ఏట పార్కిన్సన్స్, అదే వణుకుడు జబ్బు, అని తేలింది. పనిచేసిన చోట పరిహారం అడిగితే "జబ్బుకూ పనికీ సంబంధం రుజువు కాలేదు" అని ఒక్క వాక్యం రాసి పంపారు. ఇక్కడ తెలిసినవాళ్ళు ఉన్నారు కదా. పురుగుమందుల వల్ల ఈ జబ్బు వస్తుందా, రాదా? సూటిగా చెప్పండి.

మూలబెంచీ:
వస్తుంది. ఇంకా అడగాలా?

లెక్కసరి:
సూటిగా అడిగారు గానీ జవాబు అంత సూటిగా లేదండీ. 1817లో జేమ్స్ పార్కిన్సన్ ఈ జబ్బు గురించి రాసేనాటికి ఇప్పటి కృత్రిమ పురుగుమందులు పుట్టనే లేదు. మందు వాసనే ఎరగనివాళ్ళకీ వస్తోంది. ఏళ్ళ తరబడి కొట్టినవాళ్ళలో ఎక్కువమందికి రావడం లేదు.

అమెరికాలో అయోవా, నార్త్ కరొలైనా రాష్ట్రాల్లో మందు కొట్టేవాళ్ళనీ వాళ్ళ భార్యాభర్తలనీ కలిపి సుమారు 89 వేల మందిని 1993 నుంచి గమనిస్తున్నారు. వాళ్ళలోంచి కొందరిని తీసుకుని 2011లో వేసిన లెక్క ప్రకారం, పారాక్వాట్ అనే కలుపుమందు గానీ రోటెనోన్ అనే పురుగుమందు గానీ వాడినవాళ్ళలో పార్కిన్సన్స్ ముప్పు సుమారు 2.5 రెట్లు. అదే జనం మీద 2020లో ఇంకా పెద్ద లెక్క వేస్తే ఆ తేడా అంత గట్టిగా నిలవలేదు. తలకి దెబ్బ తగిలిన చరిత్ర ఉన్నవాళ్ళలో మాత్రం పారాక్వాట్ ముప్పు పెద్దగానే కనిపించింది. కాబట్టి "పురుగుమందులు" అని గంపగుత్తగా అనకండి. ఏ మందు? ఎన్నేళ్ళు? ఎంత?

నరాలవార్డు:
లెక్క ఆయన చెప్పారు, లోపల జరిగేది నేను చెబుతా. 1980ల మొదట్లో కాలిఫోర్నియాలో కొందరు కుర్రాళ్ళు కల్తీ మత్తుమందు ఎక్కించుకుని కొద్దిరోజుల్లోనే ముసలి పార్కిన్సన్స్ రోగుల్లా బిగుసుకుపోయారు. అందులో ఎంపీటీపీ అనే మలినం ఉంది. అది మెదడులో ఎంపీపీ ప్లస్‌గా మారి, కదలికల్ని నడిపే డోపమైన్ అనే రసాయనం తయారుచేసే కణాల మైటోకాండ్రియాని, అంటే కణానికి శక్తినిచ్చే భాగాల్ని, దెబ్బతీస్తుంది. ఆ ఎంపీపీ ప్లస్‌కీ పారాక్వాట్ కలుపుమందుకీ నిర్మాణంలో దగ్గరి పోలిక. రోటెనోన్ కూడా మైటోకాండ్రియానే కొడుతుంది. అదేమో మొక్కల వేళ్ళలోంచి తీసేది. "సహజం" అని రాసి ఉంటే చేతులు ముంచేసేవాళ్ళని చూశాను, అందుకే చెబుతున్నా.

పాతస్టోరు:
అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. మీ నాన్నగారు గ్లౌజులు వేసుకునేవారా? నేను ఇలాంటి చోటే 14 ఏళ్ళు స్టోరు చూశాను. పెట్టెలకి పెట్టెలు ఇచ్చేవాణ్ణి. మర్నాడు వెళ్ళి చూస్తే కారుతున్న పైపు కీలుకి చుట్టి ఉండేవి.

వానకోయిల:
వేసుకునేవారు. చిరిగేదాకా. చిరిగాక కూడా అవే.

పాతస్టోరు:
చిరిగితే మార్చుకోవాలి కదా బాబూ.

నరాలవార్డు:
గ్లౌజుల మాట తీసెయ్యదగింది కాదు. మందు ఒంట్లోకి పోయే దారుల్లో చర్మమే పెద్దది. అదే అమెరికా జనం మీద 2015లో చూసినప్పుడు పారాక్వాట్‌కీ, పెర్మెత్రిన్ అనే పురుగుమందుకీ పార్కిన్సన్స్‌తో సంబంధం గ్లౌజులు వాడనివాళ్ళలోనే కనిపించింది. కానీ చిరుగులోంచి లోపలికి దిగిన మందు తడి ఆరదు. ఉత్త చేతినైనా కడుక్కుంటాడు, తడి గ్లౌజులో చెయ్యి గంటలకొద్దీ నానుతుంది.

పాతస్టోరు:
చూశారా! గ్లౌజులు వాడితే సంబంధమే లేదని తేలిపోయింది. నేను మొదటి నుంచీ అంటున్నది అదే.

లెక్కసరి:
అలా తేలలేదండీ. "కనిపించలేదు" వేరు, "లేదు" వేరు.

పాతస్టోరు:
మీ వ్యాకరణం మీ దగ్గర పెట్టుకోండి. గ్లౌజు వేసుకున్నాడా, లేదా? అంతే.

వానకోయిల:
ఒక సంగతి చెబుతా. పనిలో చేరిన పన్నెండో ఏటో ఎప్పుడో నాన్నకి వాసన తెలియడం మానేసింది. ఘాటుకి మిగతావాళ్ళు దగ్గి బయటికి పరిగెడుతుంటే ఈయనకి ఏమీ అనిపించేది కాదు. సూపర్‌వైజరు అది చూసి, కలిపే పని పూర్తిగా ఆయనకే అప్పగించాడు. "నీకు వాసన పట్టదు కదా, నువ్వే కలుపు." ఇంటికొచ్చి అదేదో ఘనకార్యంలా చెప్పేవారు.

నరాలవార్డు:
వణుకు కంటే ఏళ్ళ ముందే వాసన పోవడం ఈ జబ్బులో మామూలే. ఆ రోజున ఎవరైనా అనుమానించి ఉంటే...

లెక్కసరి:
బాధపడకుండా వినండి. వాసన పన్నెండో ఏట పోయిందంటే జబ్బు అప్పటికే మొదలై ఉండొచ్చు. ఆ తర్వాత పదేళ్ళు కలిపిన మందు దానికి కారణం కాజాలదు. మీరు సాక్ష్యం అనుకుంటున్నది మీకే అడ్డం తిరుగుతుంది.

వానకోయిల:
అంతకుముందు పన్నెండేళ్ళు ఆయన ఏం పట్టుకున్నాడు? వీణా?

మీ ఇద్దరికీ దండం. ఒకాయన గ్లౌజు దగ్గరా ఇంకొకాయన తేదీ దగ్గరా ఆగిపోయారు. చొక్కా గుండీ పెట్టుకోవడానికి మా నాన్నకి పావుగంట పడుతుంది. నేను పెడతానంటే తోసేస్తాడు. ఆ పావుగంట గుమ్మంలో నిలబడి చూడండి, తర్వాత అడగండి గ్లౌజుల గురించి.

పాతస్టోరు:
నాకూ ఉంది బాధ. ఒక కుర్రాడు మందు కొడుతూ పడిపోయాడు. ఆర్గానోఫాస్ఫేటు రకం పురుగుమందు. చొంగ, చెమట, కంటిపాప సూదిమొనంత. విరుగుడుగా అట్రోపిన్ ఇచ్చి బతికించారు. ఆ నెలలో గ్లౌజులు ఇచ్చినట్టు సంతకం పెట్టించుకోలేదని తప్పు నామీద రాసి, రెండేళ్ళు ఇంక్రిమెంటు ఆపారు. మందు కొన్నది నేనా? పగలు ఎండలో కొట్టమన్నది నేనా? ఎక్కడ ఏం జరిగినా చివరికి స్టోరువాడి మెడకే.

మూలబెంచీ:
అంటే గ్లౌజుల గొడవంతా ఇందుకా.

పాతస్టోరు:
అనుకో.

లెక్కసరి:
సరే, నేనూ ఒక మాట తిన్నగా చెప్పేస్తా. జనం మీద వేసిన లెక్క ఒక మనిషికి అతకదు. వానకోయిల గారి నాన్నకి మందు వల్లే వచ్చిందని ఏ డాక్టరూ చెప్పలేడు. కాదనీ చెప్పలేడు. ఆ 2.5 రెట్లే నిజమనుకుంటే, ఆ మందు వాడి జబ్బుపడ్డ ప్రతి 100 మందిలో 60 మందికి మందు లేకపోతే వచ్చేది కాదు. ఆ 60లో ఈయన ఉన్నాడా, మిగతా 40లోనా? రక్తపరీక్షలోనూ స్కాన్‌లోనూ ఆ సంగతి రాసి ఉండదు.

వానకోయిల:
మరి తెలియనప్పుడు ఆ అనుమానం వాళ్ళ ఖాతాలోకే ఎందుకు పోవాలి? "రుజువు కాలేదు" అంటే మేం ఓడిపోయినట్టూ వాళ్ళు గెలిచినట్టూ ఎలా అవుతుంది? నాకు కావలసింది సైన్సు తీర్పు కాదని ఇప్పుడే నాకూ తెలుస్తోంది.

నరాలవార్డు:
ఫ్రాన్స్‌లో 2012 నుంచి పార్కిన్సన్స్‌ని వ్యవసాయంలో పనిచేసేవాళ్ళ వృత్తి జబ్బుగా గుర్తించారు. పదేళ్ళు పురుగుమందుల మధ్య పనిచేసినట్టు చూపిస్తే, ఆ పని మానేశాక గడువులోపల జబ్బు తేలితే చాలు. ఏ డబ్బా వల్ల వచ్చిందో రోగి నిరూపించనక్కర్లేదు.

లెక్కసరి:
అది సైన్సు కాదు, విధానం.

నరాలవార్డు:
"రుజువు కాలేదు, పో" అనడం మాత్రం సైన్సా? అదీ విధానమే.

లెక్కసరి:
...ఒప్పుకుంటా. కానీ అక్కడైనా పదేళ్ళ పని చూపించాలి. ఏ మందో తెలిస్తే ఇంకా బలం. మీ దగ్గర కాగితం ఏముంది?

వానకోయిల:
స్ప్రే రిజిస్టరు నకళ్ళు కొన్ని ఉన్నాయి. మందు పేరు ఎక్కడా లేదు. "స్ప్రే, 6 ట్యాంకులు", అంతే. పక్కన నాన్న సంతకం. మొదట్లో ఆ సంతకం గడి దాటి పక్క గడిలోకి పోయేది. రానురాను చిన్నదైపోయి, చివరి పేజీల్లో చీమంత. రాత్రి పేజీలు వరసగా పరిచి చూశాను.

నరాలవార్డు:
రాత అలా చిన్నదైపోవడం ఈ జబ్బు లక్షణమే. ఆ పేజీలు డాక్టరుకి చూపించండి.

లెక్కసరి:
జబ్బు ఎప్పటినుంచి ఉందో అది చెబుతుంది. ఎందుకో చెప్పదు.

పాతస్టోరు:
స్ప్రే రిజిస్టరులో మందు పేరు ఉండదు బాబూ, అది ట్యాంకుల లెక్కకి రాసేది. మీరు అడగాల్సింది స్టోరు ఇండెంటు పుస్తకాలు. డబ్బా మీది పేరు, బ్యాచి నంబరు, తారీఖు, తీసుకున్నవాడి సంతకం, అన్నీ అందులో ఉంటాయి. కలిపింది మీ నాన్నే అయితే తీసుకున్న సంతకమూ ఆయనదే. ఉత్తరంలో "ఇండెంటు పుస్తకం" అని పేరు పెట్టి రాయండి. లేదంటే మళ్ళీ ఆ ట్యాంకుల కాగితాలే ఇస్తారు.

వానకోయిల:
రేపే రాస్తా. గ్లౌజులు కూడా అందులోనే రాస్తారా?

పాతస్టోరు:
అందులోనే. ఇవ్వని నెలలు కూడా తెలిసిపోతాయి.