క్లాసు మధ్యలో వదిలేస్తే యూసీ బదిలీకి అడ్డమా?

నమస్కారం. కాలిఫోర్నియాలోని ఒక కమ్యూనిటీ కాలేజీలో నాకిది మొదటి సెమిస్టరు. ఎఫ్-1 వీసా మీద వచ్చాను. సరిగ్గా 12 యూనిట్లు (క్రెడిట్లు) తీసుకున్నాను, అందులో కాలిక్యులస్‌వే 5. రెండు పరీక్షలూ పోయాయి. ఇప్పుడు వదిలేస్తే ట్రాన్స్‌క్రిప్టులో (మార్కుల రికార్డులో) ‘డబ్ల్యూ’, అంటే క్లాసు మధ్యలో మానేశాననే గుర్తు, పడుతుందంటున్నారు. ఇక్కడి నుంచి యూసీకి, అంటే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు, బదిలీ అయి కంప్యూటర్ సైన్స్ చదవాలన్న ఆశతో వచ్చాను. ఆ ఒక్క అక్షరం దారి మూసేస్తుందా? ఇంట్లో ఇంకా చెప్పలేదు.

*

తమ్ముడూ, డబ్ల్యూ సంగతి తర్వాత. ముందు ఆ 12 యూనిట్లు చూసుకో. అనుమతి లేకుండా అంతకంటే తగ్గితే వీసా హోదాయే పోతుంది. క్లాసు వదిలే ముందే అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి వెళ్లు. వదిలేశాక వెళితే వాళ్లూ ఏమీ చేయలేకపోవచ్చు. ఇక్కడి బోధన పద్ధతి కొత్త కావడం, తగని స్థాయి క్లాసులో చేరడం లాంటి కారణాలుంటే ఒక సెమిస్టరుకు తక్కువ యూనిట్లతో చదవనిస్తారు. కనీసం 6 ఉండాలి, నీకు 7 మిగులుతాయి. కానీ ఈ వెసులుబాటు ఒక స్థాయి చదువులో ఒక్కసారే. సెమిస్టరు మధ్యలో మొదలయ్యే క్లాసులు మీ కాలేజీలో ఉన్నాయేమో కూడా అడుగు. అవి దొరికితే అనుమతి అవసరమే రాదు. ఆన్‌లైన్ క్లాసులతో నింపుదామనుకోకు, ఆ 12లో వాటికి లెక్క 3 యూనిట్లకు మించదు.

ఇక డబ్ల్యూ. అది జీపీఏలోకి (గ్రేడ్ల సగటులోకి) రాదు. మొదటి సెమిస్టరులో ఒక్కటి ఉన్నంత మాత్రాన యూసీ నిన్ను తోసిపుచ్చదు. నేను ఆ అక్షరానికి భయపడి కెమిస్ట్రీలో చివరిదాకా కూర్చున్నాను. డి గ్రేడు వచ్చింది. సగటు పడిపోయింది, మేజరుకు ఆ క్లాసు పనికిరాలేదు, వేసవంతా మళ్లీ అదే చదివాను. నువ్వలా చేయకు. సెమిస్టరులో గరిష్ఠంగా 75 శాతం గడిచేవరకే డబ్ల్యూ తీసుకోవచ్చు. కచ్చితమైన తేదీ మీ కాలేజీ క్యాలెండరులో చూడు.

నిజంగా దెబ్బతీసేవి వేరే. అదే కాలిక్యులస్‌లో రెండోసారీ డబ్ల్యూ పడితే నీ దరఖాస్తు చూసే యూసీవాళ్లకు అనుమానం వస్తుంది. ఈ క్లాసు ఆగితే తర్వాతి కాలిక్యులస్, దాని వెనుక ఫిజిక్స్, అన్నీ వెనక్కి జరుగుతాయి. బదిలీకి ముందు వసంతకాలపు సెమిస్టరు ముగిసేలోపు 60 సెమిస్టరు యూనిట్లు పూర్తికావాలి. అందుకే క్లాసు వదిలే రోజునే మళ్లీ ఎప్పుడు తీసుకుంటావో కౌన్సెలర్‌తో కూర్చుని రాసుకో. ఏ క్యాంపస్ ఏ క్లాసు అడుగుతుందో అసిస్ట్ వెబ్‌సైటులో చూడు.

*

బాబూ, పై సలహాకు ఒక్కటి కలుపుతాను. దరఖాస్తులో డబ్ల్యూతో సహా అన్ని క్లాసులూ చూపించాలి, దాచకు. దరఖాస్తు పంపాక క్లాసు మారినా, మానేసినా యూసీకి తెలియజేయాలి; చెప్పకపోతే వచ్చిన సీటే రద్దు కావచ్చు. జబ్బు, ప్రమాదం లాంటి కారణమైతే రుజువు చూపించి డబ్ల్యూకి బదులు ‘ఈడబ్ల్యూ’ (తగిన కారణంతో మానేసినట్టు గుర్తు) అడుగు. అమ్మానాన్నలకు ఈ రాత్రే ఫోను చెయ్యి. ఫీజు కట్టేది వాళ్లు, ఆలస్యంగా తెలిస్తే ఎక్కువ బాధపడతారు.

*

అక్కా, అన్నా, ధన్యవాదాలు. బుధవారం 10 గంటలకు కార్యాలయంలో సమయం ఇచ్చారు. అప్పటిదాకా క్లాసు వదలను.