గుండెల్లో మంటకు కారణం కారమా, అలవాట్లా?

ప్రశ్న:
గుండెల్లో మంట అనగానే అందరూ కారం, పులుపు మానేయమంటారు. ఆరు నెలల నుంచి రెండూ ముట్టడం లేదు. అయినా రాత్రి పడుకున్నాక గొంతులోకి పుల్లటి నీళ్లు వస్తూనే ఉన్నాయి. రెండు దిండ్లు పెట్టుకుని చూశాను, మెడ నొప్పి వచ్చింది తప్ప మంట తగ్గలేదు. అసలు ఇది తిండి వల్లేనా?

జవాబు 1:
తిండి వల్లేనండీ. కాఫీ మానగానే నాకు తగ్గింది. మీకు పడనిది ఇంకేదో ఉండి ఉంటుంది, వెతకండి.

జవాబు 2:
మీకు కాఫీ పడకపోవచ్చు, కాదనను. కానీ అందరికీ అదే మందు అంటే ఒప్పుకోను. పలు దేశాల సర్వేలను కలిపి 2018లో లెక్క కడితే, పెద్దవాళ్లలో సుమారు 13 శాతం మందికి కనీసం వారానికోసారి ఈ బాధ ఉందని తేలింది. అంటే ఎనిమిది మందిలో ఒకరికి. ఇంతమందీ ఒకే తిండి తినరు కదా!

అన్నవాహిక కడుపును కలిసే చోట బిగుతుగా ఉండాల్సిన కండరం అదను కాని వేళ వదులైతే యాసిడ్ పైకి ఎగదన్నుతుంది. కడుపు నిండా తింటే ఆ కండరం మరింత తరచుగా వదులవుతుంది. పొట్ట దగ్గర కొవ్వు పేరుకుంటే లోపలి ఒత్తిడి పెరుగుతుంది. సిగరెట్ కూడా ఆ కండరాన్ని బలహీనం చేస్తుంది. అందుకే ఏం తిన్నారని కాదు, ఎంత తిన్నారు, తిన్న ఎంతసేపటికి పడుకున్నారు అని అడుగుతాను.

జవాబు 1:
నేను సన్నగానే ఉంటానండీ, నాకెందుకు వచ్చినట్టు?

జవాబు 2:
బరువొక్కటే కారణం అనడం లేదండీ. కొందరికి కడుపు పైభాగం ఛాతీలోకి జారి ఉంటుంది, హయటల్ హెర్నియా అంటారు. గర్భిణులకూ ఈ మంట మామూలే.

ప్రశ్న అడిగినవారు:
నేను పదిన్నరకు తిని పదకొండుకల్లా పడుకుంటాను. ఇన్నాళ్లూ దాని గురించి ఆలోచించనే లేదు.

జవాబు 2:
ముందు అది మార్చండి. తిన్నాక మూడు గంటలైనా ఆగి పడుకోండి, ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే ఇంకా మంచిది. దిండ్లు తీసేయండి. వాటితో నడుము దగ్గర వంగి పొట్ట నొక్కుకుంటుంది. మంచానికి తలవైపు కోళ్ల కింద 15 నుంచి 20 సెంటీమీటర్ల చెక్క దిమ్మలు పెట్టండి. మింగేటప్పుడు ముద్ద అడ్డుపడుతున్నా, మలం నల్లగా వస్తున్నా మాత్రం ఇవేవీ చేస్తూ కూర్చోకండి, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.