మొదటి అక్షరాలు ఒకటే అయిన పొడుగాటి మందుల పేర్లు: సెర్చ్‌లో ఎన్ని అక్షరాలు పెట్టాలి?

కౌంటర్_కిట్టు

50 పడకల ఆసుపత్రి ఫార్మసీకి కొత్త బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెడుతున్నాం. ప్రస్తుతం మందు పేరులోని మొదటి 3 ఇంగ్లీషు అక్షరాలు కొట్టగానే లిస్టు దిగుతుంది. ఎమ్, ఇ, టి కొడితే మెట్‌ఫార్మిన్, మెట్రోనిడజోల్, మెటోప్రొలాల్, మెథోట్రెక్సేట్, మిథైల్‌డోపా, మిథైల్‌కోబాలమిన్, మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అన్నీ వరసగా వస్తున్నాయి. సెఫ్ (ఆ మాటతో మొదలయ్యే యాంటీబయాటిక్‌లు) కొడితే ఇంకా ఘోరం. హడావుడిలో ఒక లైనుకి బదులు ఇంకో లైను నొక్కేస్తున్నారు. కనీసం ఎన్ని అక్షరాలు కొట్టాక లిస్టు రావాలి? పేరులో కొన్ని అక్షరాలు మాత్రం పెద్దవిగా (క్యాపిటల్స్‌లో) రాస్తారు కదా, దానివల్ల నిజంగా ఉపయోగం ఉంటుందా?

చీటీ_చదువరి

5 పెట్టండి. మందుల భద్రత మీద పనిచేసే అమెరికా సంస్థ ఐఎస్‌ఎమ్‌పీ కూడా ఆసుపత్రుల్లో మందులిచ్చే యంత్రాలకి కనీసం 5 అక్షరాలే చెబుతుంది. దాంతో మెట్ గుంపు చాలావరకు విడిపోతుంది. కార్బమజెపిన్, కార్బిమజోల్ కూడా సరిగ్గా అయిదో అక్షరం దగ్గరే విడిపోతాయి, ఒకదానికి ఏ, రెండోదానికి ఐ.

కానీ 5తో పని అయిపోయిందనుకోకండి. మొదట్లో ఎన్ని అక్షరాలు కలుస్తాయో లెక్కపెట్టి దానికి ఒకటి కలపాలి, అన్ని కొడితేనే రెండూ వేరవుతాయి. క్లోమిప్రమిన్, క్లోమిఫీన్ రెండింటికీ సి ఎల్ ఓ ఎమ్ ఐ పి దాకా 6 అక్షరాలు ఒకటే. మొదటిది డిప్రెషన్‌కి, ఓసీడీకి. రెండోది అండం విడుదల కావడానికి. హైడ్రాక్సీ అనే 7 అక్షరాల కింద హైడ్రాక్సీజిన్, హైడ్రాక్సీయూరియా, హైడ్రాక్సీక్లోరోక్విన్, హైడ్రాక్సీప్రొజెస్టెరోన్ నాలుగూ ఉంటాయి. హైడ్రాక్సీయూరియాకి అంతర్జాతీయ పేరు హైడ్రాక్సీకార్బమైడ్. ఆ పేరుతో ఎక్కిస్తే హైడ్రాక్సీక్లోరోక్విన్‌తో 8 అక్షరాలు కలుస్తాయి. మన ఏజెన్సీ ప్రాంతాల్లో సికిల్ సెల్ రక్తహీనత వాళ్లకి హైడ్రాక్సీయూరియా, కీళ్లవాతం వాళ్లకి హైడ్రాక్సీక్లోరోక్విన్ ఒకే కౌంటర్ నుంచి వెళ్తాయి కాబట్టి ఈ జత మీద కన్నేసి ఉంచాలి.

ప్రెడ్నిసోన్, ప్రెడ్నిసొలోన్‌కి కూడా 8 అక్షరాలు ఒకటే. అయితే ఇక్కడ పొరపాటు జరిగినా మిల్లీగ్రాముకి మిల్లీగ్రాము దాదాపు సమానమే, పైగా మన దగ్గర ఎక్కువగా రాసేది రెండోదే. క్లోర్‌ప్రొమజిన్, క్లోర్‌ప్రొపమైడ్ సంగతి అలా కాదు. అక్కడా 8 అక్షరాలు కలుస్తాయి, కానీ మొదటిది మానసిక రోగాలకి, రెండోది షుగర్‌కి. షుగర్ లేని మనిషికి రెండోది వెళ్తే గ్లూకోజు పడిపోతుంది.

మాస్టర్_షీటు

5 పెట్టే ముందు మీ ఐటెమ్ మాస్టర్ (సాఫ్ట్‌వేర్‌లో మందులన్నీ ఎక్కించి ఉంచే పట్టిక) ఒకసారి తెరిచి చూడండి. మన దగ్గర చాలా మాస్టర్లలో పేర్లు టాబ్, ఇంజ్, క్యాప్ అనే మాటలతోనే మొదలవుతాయి. టి ఏ బి, ఒక ఖాళీ, అక్కడికే 4 అయిపోయాయి. మీరు 5 అని పెట్టినా అసలు పేరులోంచి అడిగేది ఒక్క అక్షరమే. ముందు ఆ మాటని పేరులోంచి తీసేసి వేరే కాలమ్‌లో పెట్టాలి, లేదంటే చివరికి తోసేయాలి.

రెండో తలనొప్పి స్పెల్లింగులు. అమాక్సిసిలిన్‌ని అయిదో అక్షరం ఐతో రాసేవాళ్లున్నారు, వైతో రాసేవాళ్లున్నారు. 5 అక్షరాల సెర్చ్‌లో ఒకలా కొడితే రెండోలా ఎక్కించింది దొరకదు. స్టాకు లేదనుకుని కౌంటర్‌లో కొత్త ఐటెమ్ సృష్టిస్తారు, ఒకే మందు రెండు చోట్ల కూర్చుంటుంది. క్లోమిఫీన్‌కి పీహెచ్, ఎఫ్ గొడవ, సెఫలెక్సిన్‌కీ అదే గొడవ. ఒక స్పెల్లింగుకి కట్టుబడి రెండోదాన్ని మారుపేరుగా కలపండి.

మీ దగ్గరున్న జతలు తెలియాలంటే జెనెరిక్ కాలమ్‌ని, అంటే కంపెనీ పేరు కాక అసలు మందు పేరున్న కాలమ్‌ని, ఎక్సెల్‌లోకి దించండి. ట్రిమ్‌తో ముందూ వెనకా ఖాళీలు తీసేయండి. రిమూవ్ డూప్లికేట్స్ కొట్టండి, లేకపోతే ఒకే మందు నాలుగు బలాల్లో (మిల్లీగ్రాముల లెక్కలో) ఉంటే నాలుగు వేరే పేర్లుగా లెక్కలోకి వస్తుంది. పక్క కాలమ్‌లో లెఫ్ట్ ఫంక్షన్‌తో మొదటి 5 అక్షరాలు, ఆ పక్కన కౌంట్‌ఇఫ్‌తో అవి ఎన్నిసార్లు వచ్చాయో చూడండి. 2 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్నవి వడకట్టి, అదే పని 6తో, 7తో, 8తో చేయండి. 8 దగ్గర మిగిలినవి చాలా తక్కువ ఉంటాయి. సెర్చ్‌తో తేలనివి అవే.

పెద్దబడి

పెద్ద అక్షరాల పద్ధతి గురించి. దాన్ని టాల్ మ్యాన్ అంటారు. 2001లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇలాంటి జతల పేర్లని అలా రాయమని తయారీదారులని కోరింది. పేరు మొత్తం చిన్న అక్షరాల్లో ఉంచి, తేడా ఉన్న ముక్కని మాత్రమే పెద్దది చేస్తారు. క్లోమిప్రమిన్‌లో ప్రమిన్ పెద్దగా, క్లోమిఫీన్‌లో ఫీన్ పెద్దగా. పేరు మొదలు చూడగానే కన్ను మిగతాది ఊహించేస్తుంది కదా, దాన్ని తోక దాకా లాగడానికే ఈ ఏర్పాటు.

ఉపయోగం ఉంది, కానీ మూడు చోట్ల చెడిపోతుంది. ఒకటి, సాఫ్ట్‌వేర్ అన్ని పేర్లనీ పెద్ద అక్షరాల్లోకి మార్చి దాచుకుంటే టాల్ మ్యాన్ గంగలో కలిసినట్టే. స్క్రీన్‌తో సరిపెట్టుకోకండి, బిల్లు మీదా, లేబుల్ మీదా ఎలా పడుతోందో ప్రింట్ తీసి చూడండి. రెండు, వంద పేర్లకి పెడితే ఏదీ కంటికి ఆనదు. మీ 8 అక్షరాల లిస్టుకీ, బాగా అమ్ముడుపోయే నాలుగైదు జతలకీ చాలు. మూడు, డాక్టరు చీటీ. వీలైనంతవరకు పెద్ద అక్షరాల్లో రాయమని 2016లో మెడికల్ కౌన్సిల్ నిబంధన తెచ్చింది. గొలుసుకట్టు రాత కంటే అది వెయ్యి రెట్లు నయం. కానీ అన్నీ పెద్దవే అయితే పదం ఆకారంలో తేడా తెలియదు, కాబట్టి చీటీ చదివేటప్పుడు టాల్ మ్యాన్ మిమ్మల్ని ఆదుకోదు.

ఇంకోటి, పేరు కాలమ్ వెడల్పు. హైడ్రాక్సీక్లోరోక్విన్ 18 అక్షరాలు, మిథైల్‌ప్రెడ్నిసొలోన్ కూడా 18. కాలమ్ 20 అక్షరాలే ఉంటే వెనకున్న మిల్లీగ్రాములు తెగిపోతాయి. బలానికి విడిగా కాలమ్ ఉండాలి.

కౌంటర్_కిట్టు

టాబ్ సంగతి నిజమే, మా మాస్టర్ నిండా అదే ఉంది. కలిసే అక్షరాలు తక్కువే అయినా లెవెటిరాసిటమ్, లెవోఫ్లాక్సాసిన్ మారిపోతున్నాయి. వాటికేం చేయాలి?

చీటీ_చదువరి

అవి నాలుగో అక్షరంలోనే విడిపోతాయి, ఇ, ఓ. అయినా తికమక ఎందుకంటే రెండూ 250, 500, 750 మిల్లీగ్రాముల్లో వస్తాయి. బలం చూసి పట్టుకోలేరు. కార్బ్ జతలో ఆ వెసులుబాటు ఉంది. చీటీ మీద 5, 10 ఉంటే థైరాయిడ్ మాత్ర కార్బిమజోల్, 200 ఉంటే ఫిట్స్ మాత్ర కార్బమజెపిన్.

లెవ్ జతకి రోజుకెన్నిసార్లు, ఎన్ని రోజులు అన్నది చూడండి. లెవోఫ్లాక్సాసిన్ సాధారణంగా రోజుకి ఒకటి, కొద్ది రోజులు. లెవెటిరాసిటమ్ రోజుకి రెండు, నెలల తరబడి. 500 రోజుకి రెండుసార్లు 60 మాత్రలని రాసి ఉన్న చీటీకి యాంటీబయాటిక్ బిల్లు పడుతోందంటే ఆగాల్సిందే. ఇక్కడ నష్టం రెండు వైపులా. ఫిట్స్ ఆపే మందు అందదు, దాని బదులు వెళ్లిన మందు ఫిట్స్ రావడానికి వీలిచ్చే రకం.

వార్డు నుంచి ఫోన్‌లో ఆర్డరిస్తే పేరుతో పాటు జబ్బు కూడా చెప్పమనండి. ఫిట్స్ మాత్ర లెవెటిరాసిటమ్, అంతే.

మాస్టర్_షీటు

దానికి తోడు, మీ సాఫ్ట్‌వేర్ ఒప్పుకుంటే రెండు చివరలతో సెర్చ్ పెట్టించండి. మొదటి 3, చివరి 3. ఎల్ ఇ వి, టి ఏ ఎమ్ కొడితే లెవోఫ్లాక్సాసిన్ అసలు కనిపించదు. చాలా అంతర్జాతీయ పేర్లలో మందు ఏ కుటుంబానిదో చెప్పే ముక్క చివర ఉంటుంది, ప్రిల్, సార్టాన్, ప్రజోల్ లాగా. అలాంటివాటిలో తేడా ముందు భాగంలో ఉంటుంది. సెఫ్ గుంపులో ఆ ముక్కే ముందుకొచ్చి కూర్చుంది, అందుకే అంత అవస్థ. ఆ గుంపులో చివరి అక్షరాలూ మోసం చేస్తాయి: సెఫిక్సిమ్, సెఫోటాక్సిమ్, సెఫ్యురాక్సిమ్ మూడూ ఒకేలా ముగుస్తాయి. వాటికి మాత్రం మొదటి 5 అక్షరాలే దారి.

పెద్దబడి

చివరకి ఏదీ పనిచేయకపోతే పేరే మార్చిన సందర్భాలున్నాయి. డిప్రెషన్ మందు బ్రింటెలిక్స్, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే బ్రిలింటా మొదటి 3 అక్షరాల్లో కలిసి తికమక అవుతుంటే, 2016లో అమెరికాలో మొదటిదాన్ని ట్రింటెలిక్స్ చేశారు. మార్చింది మొదటి అక్షరం ఒక్కటే. మన చేతిలో పేరు లేదు కాబట్టి ర్యాక్ మార్చుకోవాలి. ఇలాంటి జతలని అక్షర క్రమంలో పక్కపక్కన పెట్టకండి. ఒకటి ఈ అరలో ఉంటే రెండోది ఎదుటి గోడకి. ఖాళీ అయిన చోట ఆ మందు ఎక్కడుందో చీటీ అంటించండి, లేకపోతే కొత్తగా చేరిన కుర్రాడు స్టాకు సర్దేటప్పుడు మళ్లీ పక్కనే పెట్టేస్తాడు.