గుత్తాధిపత్యమా, ఏకస్వామ్యమా? ఒక తీర్పులోని ఒక్క వాక్యం

అనువాదకురాలు:

అందరికీ నమస్కారం. సాఫ్ట్‌వేర్ కంపెనీల మీద నడిచిన కేసుల గురించి ఒక పెద్ద వ్యాసం తెలుగులోకి తెస్తున్నాను. గూగుల్ సెర్చ్ కేసులో అమెరికా జడ్జి అమిత్ మెహతా 2024 ఆగస్టు 5న ఇచ్చిన తీర్పులో ఒక వాక్యం దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను. గూగుల్ ‘మొనాపలిస్ట్’ అని, తన ‘మొనాపలీ’ని నిలబెట్టుకోవడానికి అలాగే ప్రవర్తించిందని ఆ వాక్యం సారాంశం. ఎకనామిక్స్ పాఠాల్లో ‘ఏకస్వామ్యం’ అని చదువుకున్నాను. పేపర్లలో ఎప్పుడూ ‘గుత్తాధిపత్యం’ అనే చూస్తాను. రెండూ ఒకటేనా? ‘ఏకస్వామి’ అని రాస్తే చదివేవాళ్లకు కంపెనీ కాదు, దేవుడు గుర్తొస్తాడేమోనని సందేహం. ఎల్లుండికి ఇచ్చేయాలి, టెన్షన్‌గా ఉంది. పెద్దలు చెప్పగలరు.

తెలుగు లెక్చరర్:

ఒకటి కాదమ్మా. ఈ రెండింటి మధ్య ఉన్న తేడాయే ఆ కేసులకు ప్రాణం.

‘ఏకస్వామ్యం’ పుస్తకం కోసం పుట్టిన మాట. సొంతదారు ఒక్కడే అని చెప్పి ఊరుకుంటుంది. ఆ ఒక్కడు అక్కడికి ఎలా చేరాడో, మిగతావాళ్లు ఎందుకు లేరో దానికి పట్టదు. పక్కనే ద్విస్వామ్యం (ఇద్దరే ఉంటే), పరిమితస్వామ్యం (కొద్దిమందే ఉంటే) అని పెట్టి లెక్కపెట్టుకోవడానికి బాగుంటుంది.

‘గుత్త’ అలాంటిది కాదు. అది నేల మీద నడిచిన మాట. కన్నడంలో గుత్తిగె, తమిళంలో కుత్తగై దాని చుట్టాలే. పొలం గుత్తకు ఇచ్చామంటే, ఏడాదికి ఇంత అని ముందే మాట్లాడుకుని, పండినా ఎండినా ఆ మొత్తం తీసుకుని, ఫలసాయం అంతా అవతలివాడికి వదిలేశామని. చెరువులో చేపలు, తోటలో కాయలు, సంతలో ఆశీలు, ఇలా ఎన్నో గుత్తకు పోయేవి. ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు, ముందే కుదిరిన మొత్తం, ఈ మూడూ ఉంటేనే గుత్త. మధ్యలో ఇంకొకడు వచ్చి వల వేస్తానంటే కుదరదు. ‘తెలివితేటలు నీ గుత్తసొత్తా?’ అని దెబ్బలాటలో అనే మాట ఇక్కడి నుంచి వచ్చిందే. ఎవరు రాసిచ్చారు నీకు, అని దాని అర్థం.

ఇప్పుడు కేసులు చూడండి. వ్యక్తిగత కంప్యూటర్లు ఇంటింటికీ వస్తున్న రోజుల్లో తయారీదారులతో మైక్రోసాఫ్ట్ ఒక రకం లైసెన్సు ఒప్పందం కుదుర్చుకునేది. ఒప్పందంలో చెప్పిన ప్రాసెసర్‌తో తయారీదారు ఎన్ని కంప్యూటర్లు అమ్మితే అన్నిటికీ మైక్రోసాఫ్ట్‌కు డబ్బు కట్టాలి. అందులో మైక్రోసాఫ్ట్ సిస్టమ్ వేశారా లేదా అన్నది లెక్కలోకి రాదు. వేరే కంపెనీ సిస్టమ్ వేద్దామనుకుంటే వాళ్లకూ కట్టాలి, వీళ్లకూ కట్టాలి. రెండుసార్లు ఎవరు కడతారు? అమెరికా ప్రభుత్వంతో 1994లో కుదిరిన రాజీలో ఈ పద్ధతి మానేయడానికి కంపెనీ ఒప్పుకుంది. పండినా ఎండినా కట్టాల్సిందే అన్నది ఇక్కడ ఎంత అచ్చంగా కనిపిస్తోందో గమనించండి.

తర్వాత 1998 మే 18న మైక్రోసాఫ్ట్ మీద పెద్ద కేసు పడింది. కంపెనీకి అప్పట్లో ఉన్న భయం ఏమిటంటే, నెట్‌స్కేప్ బ్రౌజర్ మీద నడిచే ప్రోగ్రాములు పెరిగితే కింద ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్నా ఒకటే అవుతుంది. అప్పుడు విండోస్‌కు ప్రత్యేకత ఏముంటుంది? అందుకే తమ సొంత బ్రౌజర్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను ఉచితంగా ఇచ్చారు. అంతటితో ఆగితే ఇంత గొడవ లేదు. దాని గుర్తును తెరమీద నుంచి తీసేయకూడదని తయారీదారుల లైసెన్సులో షరతు పెట్టారు. నా దృష్టిలో వ్యాపార ఉద్దేశం బయటపడింది ఆ షరతులోనే.

ఇక గూగుల్. ఫోన్లలో, బ్రౌజర్లలో తన సెర్చే ముందుగా ఉండేందుకు 2021 ఒక్క ఏడాదిలోనే 2,600 కోట్ల డాలర్లకు పైగా చెల్లించింది. ఇచ్చేవాడున్నాడు, పుచ్చుకునేవాడున్నాడు, మొత్తం కుదిరింది. కాబట్టి నా ఓటు ‘గుత్తాధిపత్యం’కే.

ఒక చిన్న వ్యాకరణ సంగతి. దేశ్యమైన ‘గుత్త’ను సంస్కృతపు ‘ఆధిపత్యం’తో సవర్ణదీర్ఘ సంధి చేసి కలిపారు కాబట్టి ఇది దుష్టసమాసం అనేవాళ్లున్నారు. నియమం ప్రకారం వాళ్లన్నది నిజమే. కానీ నాలుకల మీద ఇంతగా అరిగిన మాటను ఇప్పుడు విడగొట్టలేం, విడగొట్టకూడదు కూడా.

లాయర్:

లెక్చరర్ గారూ, చాలా బాగా చెప్పారు. రెండు చోట్ల మాత్రం నేను ఒప్పుకోలేను.

మొదటిది. గూగుల్ ఆపిల్‌కు ఇచ్చేది ముందే కుదిరిన మొత్తం కాదండీ. ఆపిల్ బ్రౌజర్ సఫారీలో సెర్చ్ ద్వారా వచ్చే ప్రకటనల ఆదాయంలో 36 శాతం అని విచారణలో సాక్షి నోట బయటపడింది. 2022లో అది సుమారు 2,000 కోట్ల డాలర్లు. పండిన దాంట్లో వాటా ఇస్తే మన వాడుకలో దాన్ని గుత్త అనరు కదా, కోరుపాలు అంటారు. ఈ తేడా చిన్నది కాదు. గుత్త సొమ్ము తీసుకున్నవాడికి పంట ఎలా ఉన్నా ఒకటే. వాటాదారుకు పంట పెరగాలి. ఆపిల్ తన సెర్చ్ తాను తయారు చేసుకోకుండా ఉండటానికి ఈ వాటా కూడా ఒక కారణం అన్నది ప్రభుత్వ వాదనలో భాగం.

రెండోది. వ్యాపారంలో పోటీని కాపాడే అమెరికా షెర్మన్ చట్టం 1890 నాటిది. ఈ కేసులకు ఆధారమైన రెండో సెక్షన్ కింద కోర్టు రెండు మెట్లు ఎక్కాలి. ఆ మార్కెట్‌లో కంపెనీకి ఎదురులేని శక్తి ఉందా అన్నది మొదటి మెట్టు. ఆ శక్తిని మంచి సరుకుతో కాక పోటీదారును బయటికి నెట్టే పనులతో సంపాదించుకుందా, లేదా నిలబెట్టుకుందా అన్నది రెండో మెట్టు. మొదటి మెట్టు ఒక్కటే ఉంటే చట్టాన్ని ఉల్లంఘించినట్టు కాదు. ఎపిక్ గేమ్స్, ఆపిల్ కేసులో 2021లో జడ్జి ఇవోన్ గొంజాలెజ్ రోజర్స్ ఈ మాటే రాశారు, గెలవడం చట్టవిరుద్ధం కాదని. మొదటి మెట్టుకు ‘ఏకస్వామ్యం’, రెండో దానికి ‘గుత్తాధిపత్యం’ వాడితే తీర్పు తీరు పాఠకుడికి కళ్లకు కడుతుంది.

అన్నట్టు, ఈ వార్తల్లో గూగుల్‌ను ‘ముద్దాయి’, ‘దోషి’ అని రాస్తున్నారు. నాకు బాధగా ఉంటుంది. ఇవి సివిల్ దావాలు, క్రిమినల్ కేసులు కావు. ‘ప్రతివాది’ అనాలి, ‘చట్టాన్ని ఉల్లంఘించింది’ అనాలి. దయచేసి మీ వ్యాసంలో ఆ పొరపాటు రానివ్వకండి.

మరో సభ్యుడు:

‘గంపగుత్త’ గురించి ఎవరూ అనలేదేం? విండోస్‌తో పాటు బ్రౌజర్, మీడియా ప్లేయర్ అన్నీ కలిపి ఇవ్వడానికి అంతకంటే మంచి మాట ఏముంది?

లెక్చరర్:

మాట బాగుంది గానీ ఇక్కడ నప్పదు. గంపలో ఎన్ని కాయలున్నాయో లెక్కపెట్టకుండా మొత్తానికి ఒక ధర కట్టి ఇష్టపడి కొనేది గంపగుత్త. వద్దంటున్నా చేతిలో పెడితే అది ‘అంటగట్టడం’. 2004లో యూరోపియన్ కమిషన్ మైక్రోసాఫ్ట్‌కు 49.7 కోట్ల యూరోల జరిమానా వేసి, మీడియా ప్లేయర్ లేని విండోస్ కూడా అమ్మాలంది. కంపెనీ అమ్మింది, అదే ధరకు. దాన్ని అడిగి కొన్నవాళ్లు దాదాపు లేరు. మరి అంతకుముందు ప్లేయర్ కలిపి ఇచ్చినదాన్ని అంటగట్టడం అనాలా, గంపగుత్త అనాలా? నేనైతే అంటగట్టడమే అంటాను. వద్దనే వీలు జనానికి చాలా ఆలస్యంగా వచ్చింది, అప్పటికి చేతులు అలవాటు పడిపోయాయి.

లాయర్ గారూ, కోరుపాలు సంగతి మీరన్నదే సరి. ఆ మొత్తం చూసి తొందరపడ్డాను. కానీ గూగుల్ కేసులో దిద్దుబాటు చర్యలపై 2025 సెప్టెంబరు 2న వచ్చిన తీర్పు చూశారు కదా. క్రోమ్‌ను అమ్మేయమనలేదు, డబ్బివ్వడాన్ని పూర్తిగా ఆపలేదు. ఇంకెవరికీ చోటివ్వకూడదనే ప్రత్యేక ఒప్పందాలనే వద్దన్నారు. ఇచ్చే సొమ్ము కోరైనా, గుత్తైనా, జడ్జి కన్ను పడింది ‘ఇంకొకడు వల వేయకూడదు’ అన్న షరతు మీదే.

అనువాదకురాలు:

అందరికీ ధన్యవాదాలు. వ్యాసంలో మార్కెట్ వాటా, శక్తి గురించి చెప్పిన చోటల్లా ‘ఏకస్వామ్యం’ అని మార్చాను. ‘దోషి’ మూడు చోట్ల ఉంది, తీసేశాను. ఆ వాక్యం ఇలా రాశాను: “గూగుల్ గుత్తాధిపతి; ఆ గుత్తను నిలుపుకోవడానికి గుత్తాధిపతిలాగే నడుచుకుంది.” రెండో చోట ఒట్టి ‘గుత్త’ అని ఉంచడం కావాలనే చేశాను. రేపు సాయంత్రం దాకా సమయం ఉంది, సరిగా లేదనిపిస్తే చెప్పండి.