గుడ్డ బొమ్మలు కుట్టి డిసెంబర్‌లో స్టాల్ పెడుతున్నా, కుట్లు విడిపోతున్నాయి, రేటూ తేలట్లేదు, కాస్త చెప్పండి

పెరంబూర్_సూదిదారం

అందరికీ నమస్తే అండి. మాది నెల్లూరు, పెళ్ళయ్యాక చెన్నై వచ్చి పన్నెండేళ్ళు, ఉండేది పెరంబూర్‌లో. పోయిన దసరాకి మా పాప బొమ్మల కొలువులో పెట్టడానికి పూలమ్మే అవ్వ బొమ్మ ఒకటి గుడ్డతో కుట్టాను, తెల్ల ఎంబ్రాయిడరీ దారంతో చిన్న చిన్న ముడులు వేసి మల్లెపూల మూరలు చేసి బుట్టలో పెట్టా, అది చూసి మా అపార్ట్‌మెంట్‌లో ముగ్గురు మాక్కూడా కావాలని అడిగారు. అలా మొదలైంది. ఆ తర్వాత 23 బొమ్మలు కుట్టి ఒక ఫెయిర్‌లో స్టాల్ పెడితే నాలుగే అమ్ముడుపోయాయి, స్టాల్ అద్దె 2,500 కూడా రాలేదు. పైగా ఇద్దరు వారంలోనే ఫోన్ చేసి కాలు దగ్గర కుట్టు విడిపోయి దూది బయటికొచ్చిందన్నారు, డబ్బులు తిరిగిచ్చేశాను గానీ ఆ రోజు అన్నం సహించలేదు నాకు.

ఇప్పుడు డిసెంబర్‌లో ఇంకోటి ఉంది, ఈసారి బాగా చేయాలని గట్టిగా అనుకుంటున్నా. అడగాల్సినవి ఇవి. కాళ్ళు కలిసే చోట, మెడ దగ్గర కుట్టు ఎందుకు పోతోంది? తల ఎంత దూది కూరినా పక్కకి వాలిపోతోంది, దానికేం చేయాలి? 11 అంగుళాల బొమ్మకి 350 చెప్తే అందరూ 150కి ఇస్తావా అంటున్నారు, ఎక్కువ చెప్తున్నానా? ఇంకొకాయన ఐఎస్ఐ మార్కు ఏదమ్మా అని అడిగి వెళ్ళిపోయారు, ఇంట్లో కుట్టే బొమ్మలకి కూడా అది కావాలా? గుడ్డ మాత్రం నేను మా ఇంట్లో పాత కాటన్ చీరలే వాడుతున్నానండి, మెత్తగా ఉంటుందని.

చూలైమేడు_టైలరక్క

నీ ప్రశ్నలోనే జవాబు ఉందమ్మా, ఆ పాత చీర. ఇరవై ఏళ్ళు ఉతికిన గుడ్డలో పోగు అరిగిపోయి ఉంటుంది, దూది లోపల్నుంచి తోస్తుంటే దారం తెగదు, దారం పక్కన గుడ్డే చిరుగుతుంది, ఆ విడిపోయిన బొమ్మ నీ దగ్గర ఉంటే చూడు, కుట్టు అలాగే ఉండి పక్కన పోగులు జారిపోయి ఉంటాయి. చీర గుడ్డ బొమ్మ బట్టలకి వాడు, ఒంటికి మాత్రం కొత్త పాప్లిన్ గానీ కాస్త దళసరి కోరా గుడ్డ గానీ తీసుకో. కోరా అయితే వేడినీళ్ళలో ఒక రాత్రి నానబెట్టి, ఉతికి, ఇస్త్రీ చేసి అప్పుడు కత్తిరించు, లేకపోతే కొన్నవాళ్ళు ఉతికాక ముడుచుకుపోతుంది. చీర గుడ్డే కావాలి, అది అమ్మ చీర అని మనసులో ఉంటే, వెనక సన్నటి ఫ్యూజింగ్ పేపర్ (ఇస్త్రీ వేడికి గుడ్డకి అంటుకునే అస్తరు) పెట్టి ఇస్త్రీ చేసి అప్పుడు కుట్టు.

ఇక కుట్టు. మామూలు జాకెట్టు కుట్టేటప్పుడు మెషిన్ మీద కుట్టు పొడవు 2.5 పెడతాం కదా, బొమ్మకి 1.5 పెట్టు. కాళ్ళ మధ్య, మెడ దగ్గర, చంక దగ్గర అదే గీత మీద రెండోసారి నడుపు. అంచు పావు అంగుళం ఉండాలి, అంతకన్నా తగ్గితే పోగు జారుతుంది. వంపు ఉన్న ప్రతి చోటా గాట్లు పెట్టాలి, కుట్టుకి ఒక నూలు పోగంత దూరంలో ఆపాలి, ఇదే అందరూ భయపడి వదిలేస్తారు, గాటు లేకపోతే తిరగేసినప్పుడు అక్కడ ముడత పడి బరువంతా ఆ ఒక్క చోట పడుతుంది. బొమ్మని ఒకే ముక్కగా కత్తిరిస్తున్నావనుకుంటా, కాళ్ళు విడిగా కుట్టి, నింపి, ఒంటి కింద కుట్టులోకి దూర్చి కుట్టు, ఆ తలనొప్పి చోటే ఉండదు.

ఇంకోటి, పోగు ఎటు ఉందో చూసుకుని కత్తిరించు. గుడ్డ నిలువుగా లాగితే సాగదు, అడ్డంగా కాస్త సాగుతుంది. సాగే వైపు చెయ్యి, కాలు పొడవునా వచ్చేలా కత్తిరిస్తే సన్నగా వస్తాయి, సాగే వైపు వెడల్పుకి వస్తే దూది నింపగానే సొరకాయలా ఊరుతుంది.

తల వాలడం మెడలో దూది చాలక. నువ్వు పెద్ద ముద్ద ఒకేసారి తోస్తున్నట్టున్నావు. గోరంత గోరంత తీసుకుని పుల్లతో మెడలోకి కుక్కుతూ పో, మెడ నొక్కితే పచ్చి జామకాయలా గట్టిగా తగలాలి. లోపల పుల్ల గుచ్చేవాళ్ళు ఉన్నారు, పిల్లలు ఆడే బొమ్మకి అది వద్దమ్మా, ఎప్పటికైనా బయటికొస్తుంది. దాని బదులు గుడ్డ పేలికని గట్టిగా చుట్టి, దారంతో బిగించి, అది మెడలో సగం ఒంట్లో సగం ఉండేలా దూర్చు.

దూది ఏది వాడుతున్నావో చెప్పలేదు. బూరుగు దూది అయితే ఉతికితే ఉండ కడుతుంది. రెక్రాన్ వాడు, అదే పాలిస్టర్ దూది.

తాంబరం_నుంచి

నేను మూడేళ్ళుగా స్టాల్స్ పెడుతున్నా అండి, గుడ్డ సంచులు, బొమ్మలు. 350 ఎక్కువ కాదు, తక్కువ! లెక్క వేసి చూడండి, గుడ్డ, రెక్రాన్, ఊలు, దారం అన్నీ కలిపి ఒక బొమ్మకి 100 అనుకుందాం, మీకు మూడున్నర గంటలు పడుతుందనుకుంటే గంటకి 80 వేసుకున్నా 280, స్టాల్ అద్దె 2,500ని పాతిక బొమ్మల మీద పంచితే ఇంకో 100, అంటే 480 మీకే పడింది, 350కి అమ్మితే ప్రతి బొమ్మకీ మీరే 130 ఎదురు ఇస్తున్నారు. నేను 550 చెప్తా. బేరం ఆడేవాళ్ళకి రేటు తగ్గించను, 90 రూపాయల చిన్న వస్తువు ఏదైనా చూపిస్తా. మీరు కూడా నాలుగు అంగుళాల బొమ్మ, కీచైన్ లాంటివి ఒక ముప్పై పెట్టుకోండి, పిల్లలు తల్లి చెయ్యి లాగేది వాటి దగ్గరే, ఆగాక పెద్ద బొమ్మ వైపు చూస్తారు. టైమ్ కూడా తగ్గుతుంది, నేను పది బొమ్మలు ఒకేసారి కత్తిరిస్తా, ఒక రోజంతా కుట్టడమే, ఇంకో రోజంతా నింపడమే, మూడున్నర గంటలు రెండుంపావుకి వచ్చింది.

టేబుల్ మీద పడుకోబెట్టకండి. చెక్క పెట్టెలు పేర్చి మీద తెల్ల పంచె పరిచి కొలువు మెట్లలా చేయండి, మన చెన్నై జనానికి మెట్లు కనిపిస్తే కాళ్ళు వాటంతటవే ఆగుతాయి.

అసలు మీరు డిసెంబర్‌లో ఏం బొమ్మలు పెడుతున్నారు? ఇక్కడ తమిళవాళ్ళ కొలువు నవరాత్రికి అయిపోతుంది, మన కోస్తావాళ్ళలో చాలామంది సంక్రాంతికి పెడతారు కదా! హరిదాసు, గంగిరెద్దు, ముగ్గు వేసే అమ్మాయి కుట్టండి, ఇవి ఇక్కడ గుడ్డలో నాకైతే ఎక్కడా కనిపించలేదు, ఊరికి దూరంగా ఉన్న మనవాళ్ళు చూస్తే వదలరు. గంగిరెద్దు మీద వేసే ఆ రంగురంగుల బట్టకి మీ చీర ముక్కలే సరిపోతాయి. మళ్ళీ వచ్చే నవరాత్రికి ముందు మరప్పాచ్చి బొమ్మలకి (తమిళ కొలువులో పెట్టే చెక్క బొమ్మల జంట) బట్టలు కుట్టి చూడండి, ఆ ఎర్రచందనం జంటకి ఏటా కొత్త చీర, పంచె కట్టే ఇళ్ళు చాలా ఉన్నాయిక్కడ, బొమ్మ కుట్టే పనే లేదు, జరీ అంచు చీర ముక్క ఉంటే అరగంట పని.

వేళచ్చేరి_నాన్న

ఐఎస్ఐ సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి. 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ళ లోపు పిల్లల ఆటబొమ్మలకి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి అండి, అది 2020లో వచ్చిన టాయ్స్ క్వాలిటీ కంట్రోల్ ఆర్డర్. కానీ కేంద్ర టెక్స్‌టైల్స్ శాఖ కింద డెవలప్‌మెంట్ కమిషనర్, హ్యాండీక్రాఫ్ట్స్ దగ్గర రిజిస్టర్ అయిన చేతిపనివాళ్ళు స్వయంగా చేసి అమ్మే వాటికి మినహాయింపు ఇచ్చారు, మన ఏటికొప్పాక, కొండపల్లి లాంటి జీఐ గుర్తింపు (ఊరి పేరుతో వచ్చే భౌగోళిక గుర్తింపు) ఉన్నవాటికీ ఇచ్చారు. అందుకని మీరు ఆ ఆర్టిజన్ కార్డు, పెహచాన్ కార్డు అంటారు, దానికి ఇప్పుడే అప్లై చేయండి, పని చేసి చూపించమంటారు, డిసెంబర్ దాకా ఆగితే అందదు.

మార్కు మాట పక్కనబెడితే, మా బాబుకి ఏడాదిన్నరప్పుడు ఒక బొమ్మ కన్ను, నల్ల గుండీ, నోట్లో దొరికింది. నా వేలితో తీశాను. అందుకే చెప్తున్నా, గుండీలు, పూసలు, చమ్కీలు వద్దు. కళ్ళు ఆరు పోగుల ఎంబ్రాయిడరీ దారంలో రెండు పోగులు తీసి కుట్టేయండి. పూసలు పెట్టిన బొమ్మ ఉంటే కొలువుకి మాత్రమే అని చీటీ కట్టి పై మెట్టు మీద పెట్టండి.

చూలైమేడు_టైలరక్క

వేళచ్చేరి బాబు చెప్పింది నిజం. ఊలు జుట్టు కూడా జిగురుతో అంటించొద్దు, నడి పాపిట మీద మెషిన్ కుట్టు వేసి, చుట్టూ చేత్తో బిగించు. ఎర్ర కలంకారీ వాడితే ముందు తడి తెల్లగుడ్డతో రుద్ది చూడు, రంగు అంటితే పక్కన పెట్టెయ్, పిల్లలు నోట్లో పెట్టుకుంటారు.

పెరంబూర్_సూదిదారం

అక్కా, విడిపోయిన బొమ్మ తీసి చూశాను, మీరన్నట్టే దారం చెక్కుచెదరలేదు, పక్కన పోగులే జారిపోయాయి. నిన్న పాప్లిన్‌తో 1.5 మీద, కాళ్ళు విడిగా పెట్టి ఒకటి కుట్టి మా చెల్లెలి మూడేళ్ళ కొడుక్కి ఇచ్చా, పొద్దుట్నుంచి కాలు పట్టుకుని ఇల్లంతా ఈడ్చాడు, మెట్ల మీదనుంచి విసిరాడు, ఒక్క కుట్టు కదల్లేదు, తల నిటారుగా ఉంది. హరిదాసు తల మీద అక్షయపాత్ర దగ్గరే ఆగాను, గుడ్డతో చేస్తే ఒక పక్కకి ఒరుగుతోంది, లోపల చుట్టిన పేలిక పెట్టి తలకి నాలుగు వైపులా కుట్టి చూస్తా.

తాంబరం అండీ, గంగిరెద్దు ఐడియాకి మీకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే, మా పాప అప్పుడే కొమ్ములకి ఊలు కుచ్చులు చేస్తోంది. కార్డుకి కూడా కాగితాలు తీసి పెట్టా.

శనివారం పొద్దున్నే ఇక్కడి పారీస్ కార్నర్ వెళ్తున్నా, గోడౌన్ స్ట్రీట్‌లో పాప్లిన్ తాన్ తీసుకుందామని, ఒక్కదానికి తాన్ మొత్తం ఎక్కువ అవుతుంది. ఎవరైనా సగం తీసుకుంటారా?