కోవూరుకీ కనిగిరికీ ఒకే ప్లానా?

కోవూరు రైతు: గ్రామ సచివాలయాలకు రాష్ట్రమంతా ఒకే నమూనా డ్రాయింగ్ ఏంది? 2021 నవంబరులో పెన్న పొంగి మా వైపు ఊళ్లు మునిగాయి, మాకు భవనం అరుగు ఎత్తు పెంచాలి. కనిగిరి వాళ్లేమో వాన కోసం మొహం వాచి ఉంటారు. ప్రభుత్వ భవనాల ప్లాన్లు జిల్లాలోనే గీయించాలని నా వాదన.

సైట్ ఇంజనీర్: వద్దన్నా. ఒకే డ్రాయింగ్ ఉంటే ఎస్టిమేట్ ముందే ఉంటుంది, ఎంత కడ్డీ వేయాలో ఊళ్లో ఎవరైనా కాంట్రాక్టర్‌ని నిలదీయొచ్చు. ఊరికో ప్లాన్ అంటే ఊరికో బేరం. 1967లో ఒంగోలు దగ్గర భూకంపం వచ్చింది, గుర్తుందా? స్తంభాల లెక్క ఎవరికి తోచినట్టు వాళ్లు వేసేది కాదు.

కనిగిరి మాస్టారు: స్తంభాల వరకు ఒప్పుకుంటా. కానీ రోడ్డు ఎటుంటే అటు భవనం ముఖం తిప్పేస్తారు. పెద్ద కిటికీలు పడమరకు వస్తే మా ఎండల్లో మధ్యాహ్నం నుంచి లోపల కూర్చోలేం.

ఒంగోలు వీల్‌చైర్: వరదకని అరుగు ఎత్తు పెంచమంటారు సరే, ర్యాంపు మాటేంటి? అడుగు ఎత్తుకు కనీసం 12 అడుగుల పొడవు కావాలి. మూడడుగుల అరుగుకు 36 అడుగులు, మధ్యలో ఆగే చదును అదనం. నేను వెళ్లే ఆఫీసులో మెట్ల పక్కన ఇంత సిమెంట్ పోసి ర్యాంపు అన్నారు. వెనక ఇద్దరు తోస్తేగానీ ఎక్కదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం పాత ప్రభుత్వ భవనాలను కూడా మార్చమంది. ప్రమాణాలు సలహాల్లా ఉంటే చాలదు, తప్పనిసరి నిబంధనలు రాయమని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. నమూనా ఒకటైనా పదైనా నాకు పర్లేదు, ర్యాంపు లేకపోతే కాంట్రాక్టర్ బిల్లు ఆపాలి.

కోవూరు రైతు: నిజమే, అది నాకు తట్టలేదు. మరి 36 అడుగులకు చోటెక్కడిది?

సైట్ ఇంజనీర్: గొడవంతా అక్కడే. ఊళ్లో ఎవరికీ అక్కర్లేని ముక్క చూసి భవనానికి ఇస్తారు, దాంట్లో ఇరికించమని మాకు చెప్తారు. వరద ఎంత ఎత్తు వస్తుంది, ర్యాంపు పడుతుందా, ముఖం ఎటు పెట్టాలి, ఇవి కొలిచాకే స్థలం ఖరారు చేయాలని రూలు పెట్టమనండి. నమూనా జోలికి పోకండి.

కనిగిరి మాస్టారు: స్థలం ఇచ్చేటప్పుడు మిమ్మల్ని అడిగేదెవరు సార్? గ్రామసభలో పెడితేనే బయటపడుతుంది.

ఒంగోలు వీల్‌చైర్: పెట్టండి. సభ మాత్రం మెట్లెక్కే చోట పెట్టకండి.